డిక్కీలో సబ్‌వూఫర్‌ను ఎటు తిప్పాలి? కారు బేస్‌లో దిక్కు పాత్ర, దూరం పాత్ర

క్లుప్తంగా: సబ్‌వూఫర్ (బేస్ మాత్రమే పలికే స్పీకరు) నుంచి వెలువడే తరంగాలు చాలావరకు కారు కంటే పొడవైనవి. కాబట్టి కోన్ (స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి భాగం) ఎటు చూస్తోందన్నది నేరుగా పెద్దగా పట్టింపు లేని విషయం. అయితే బాక్సును తిప్పినప్పుడు కోన్‌కూ డిక్కీ తలుపుకూ మధ్య దూరం మారుతుంది, చెవి దాకా ధ్వని నడిచే దారి మారుతుంది. వినిపించే తేడా అక్కడ పుడుతుంది. కారు సెడానా, హ్యాచ్‌బ్యాకా, ఎస్‌యూవీనా అన్నదీ, ముందు తలుపుల్లోని స్పీకర్లతో సబ్‌వూఫర్ కలిసే తీరూ ఈ లెక్కలో ఇంకా బరువైన అంశాలు.

ఎదురెదురు సలహాలు

కారులో కొత్తగా సబ్‌వూఫర్ పెట్టించుకునేవారికి మొదటి రోజే ఒక సందిగ్ధం ఎదురవుతుంది. ఒక దుకాణంలో స్పీకరు ముఖం డిక్కీ తలుపు వైపు ఉండాలంటారు. పక్క దుకాణంలో సీటు వైపు తిప్పకపోతే బేస్ అంతా డిక్కీలోనే చిక్కుకుపోతుందంటారు. పైకి చూసేలా పడుకోబెట్టమనేవారూ ఉన్నారు. ఈ మూడింటిలో ఏది పాటించినా తృప్తి పడినవారు కనిపిస్తారు, అదే పాటించి నిరాశపడినవారూ కనిపిస్తారు.

ఇందులో ఎవరి అనుభవమూ అబద్ధం కాదు. ఒక కారులో పనిచేసిన అమరిక మరో కారులో ఎందుకు పనిచేయదో చెప్పకుండా, ఆ అమరికను అన్ని కార్లకూ సూత్రంగా చెప్పడమే గందరగోళానికి మూలం. దిక్కు మారినప్పుడు దానితో పాటు మరో మూడు నాలుగు అంశాలు కూడా మారుతున్నాయి. తేడా వాటి వల్ల వస్తుంటే, పేరు మాత్రం దిక్కుకు దక్కుతోంది.

కారు కంటే పొడవైన తరంగాలు

గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు. దీన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 100 హెర్ట్జ్ తరంగం 3.4 మీటర్లు, 80 హెర్ట్జ్ తరంగం 4.3 మీటర్లు, 40 హెర్ట్జ్ తరంగం 8.6 మీటర్లు, 20 హెర్ట్జ్ తరంగం 17 మీటర్లు. నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికంటే కింది స్వరం 41 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. పన్ను రాయితీ కోసం మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవుతో తయారవుతున్న చిన్న కార్లను తీసుకుంటే, 80 హెర్ట్జ్ తరంగం ఒక్కటే ఆ కారు మొత్తం పొడవును మించిపోతుంది. మండు వేసవిలో ఎండకు కాగిన కారులో ధ్వని వేగం మూడు నాలుగు శాతం పెరుగుతుంది గానీ ఆ తేడా ఈ లెక్కలను తారుమారు చేసేంతది కాదు.

ఏ స్పీకరైనా తన చుట్టుకొలతకు దగ్గరి తరంగదైర్ఘ్యం వచ్చేవరకు ధ్వనిని అన్ని వైపులకూ దాదాపు సమానంగా వెదజల్లుతుంది. 12 అంగుళాల కోన్ ఒక వైపుకు ధ్వనిని కేంద్రీకరించడం మొదలయ్యేది సుమారు 400 హెర్ట్జ్ పైన. సబ్‌వూఫర్‌కు అప్పగించే పని సాధారణంగా 80 నుంచి 100 హెర్ట్జ్ వద్దే ముగిసిపోతుంది. అంటే తన పరిధిలో సబ్‌వూఫర్‌కు ముందు, వెనుక అన్న భేదం దాదాపు లేదు. సీటు వైపు తిప్పితే బేస్ సీటు వైపుకే సూటిగా దూసుకువస్తుందన్న ఊహకు ఆధారం లేదు. టార్చిలైటు వెలుగులా నడిచే ధోరణి పై స్వరాలు పలికే చిన్న స్పీకరైన ట్వీటర్‌ది, సబ్‌వూఫర్‌ది కాదు.

డిక్కీ తలుపు తిప్పి పంపే ధ్వని

అన్ని వైపులకూ సమానంగా వెళ్లే ధ్వనిలో కొంత నేరుగా ముందు సీట్ల వైపు వస్తుంది. కొంత వెనక్కి వెళ్లి, డిక్కీ తలుపుకు తగిలి, తిరిగి అదే దారిన ముందుకు వస్తుంది. ఈ రెండూ చెవి దగ్గర కలుసుకుంటాయి. వెనక్కి వెళ్లివచ్చిన తరంగం, కోన్‌కూ తలుపుకూ మధ్య ఉన్న దూరానికి రెట్టింపు అదనంగా ప్రయాణిస్తుంది. ఆ అదనపు దూరం తరంగదైర్ఘ్యంలో సగానికి సమానమైతే ఒక తరంగం ఎత్తులో ఉన్నప్పుడు మరొకటి పల్లంలో ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి తుడిచేస్తాయి. అదనపు దూరం చాలా తక్కువైతే రెండూ జతకలిసి బలపడతాయి. సమాన బలం ఉన్న రెండు తరంగాలు పూర్తిగా జతకూడితే 6 డెసిబెళ్ల లాభం వస్తుంది.

రద్దయ్యే పౌనఃపున్యం తెలుసుకోవడానికి 343ను ఆ దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే చాలు. కోన్ నుంచి డిక్కీ తలుపు 35 సెంటీమీటర్లు ఉంటే ఫలితం 245 హెర్ట్జ్. అది సబ్‌వూఫర్ పరిధిలోకే రాదు. 60 సెంటీమీటర్లైతే 143 హెర్ట్జ్. ఒక మీటరైతే 86 హెర్ట్జ్, అంటే సరిగ్గా సబ్‌వూఫర్, ముందు స్పీకర్లు చేతులు కలిపే చోటు. 1.2 మీటర్లైతే 71 హెర్ట్జ్. డ్రమ్ముల దెబ్బకు శరీరం స్పందించే భాగం చాలావరకు ఈ 50, 100 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది కనుక, అక్కడ పడిన గొయ్యి వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు 70 సెంటీమీటర్ల లోతున్న చిన్న హ్యాచ్‌బ్యాక్ డిక్కీని తీసుకుందాం. 35 సెంటీమీటర్ల మందం ఉన్న బాక్సును సీటుకు ఆనించి, ముఖం వెనక్కి తిప్పితే కోన్‌కూ తలుపుకూ మధ్య 35 సెంటీమీటర్లు మిగులుతాయి. అదే బాక్సును సీటు వైపు తిప్పి, సీటుకూ కోన్‌కూ నడుమ 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే కోన్ తలుపుకు 60 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. పై సూత్రం ప్రకారం 80 హెర్ట్జ్ వద్ద మొదటి అమరికలో తలుపు నుంచి దక్కే లాభం దాదాపు 4.8 డెసిబెళ్లు, రెండో అమరికలో 2.1 డెసిబెళ్లు. 40 హెర్ట్జ్ వద్ద మాత్రం రెండింటి మధ్య తేడా దాదాపు 0.6 డెసిబెల్ మాత్రమే. వెనక్కి తిప్పితే బేస్ పెరిగిందని చాలామంది చెప్పడానికి కారణం ఇక్కడుంది. పెరిగింది నిజమే, కానీ అది పైబేస్. లోతైన బేస్ ఉన్నచోటే ఉంది.

రెండున్నర డెసిబెళ్లు చిన్న అంకెలా కనిపిస్తుంది. కింది పౌనఃపున్యాల దగ్గర మనిషి చెవి ప్రవర్తన వేరు. 1000 హెర్ట్జ్ వద్ద రెండు మూడు డెసిబెళ్ల ధ్వనిని పసిగట్టగల చెవికి 40 హెర్ట్జ్ స్వరం వినపడాలంటే సుమారు 51 డెసిబెళ్లు, 20 హెర్ట్జ్ వినపడాలంటే 78 డెసిబెళ్లు కావాలి. ఆ గడప దాటాక మాత్రం బిగ్గరదనం చాలా వేగంగా పెరుగుతుంది. మధ్యస్థాయి స్వరంలో తెలిసీ తెలియనట్టుండే పెంపు, బేస్‌లో కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. బాక్సు తిప్పగానే బేస్ రెట్టింపయిందని చెప్పేవారు అతిశయోక్తి చెబుతున్నారని కొట్టిపారేయలేం.

ఈ లెక్క ఒక ఊతం మాత్రమే. అసలు కారులో ధ్వని తలుపుకే కాదు, పక్క రేకులకూ పైకప్పుకూ నేలకూ తగులుతుంది, సీటు నురుగులో కొంత ఇంకిపోతుంది. అంకెలు అచ్చంగా అలాగే రాకపోయినా అవి చూపించే ధోరణి మాత్రం నమ్మదగింది. కోన్‌ను ఏదో ఒక గట్టి గోడకు, వీలైతే మూలకు దగ్గరగా ఉంచితే రద్దయ్యే పౌనఃపున్యం సబ్‌వూఫర్ పరిధిని దాటి పైకి వెళ్లిపోతుంది. బాక్సును తలుపు పక్కనే ఉంచి ముఖం పక్క రేకు వైపు తిప్పినా దాదాపు ఇదే ఫలితం వస్తుంది. మన దగ్గర బాగా అమ్ముడయ్యే గొట్టం ఆకారపు బేస్ ట్యూబులను డిక్కీ మూలకు నెట్టి పెట్టినప్పుడు పెద్దగా వినిపించడానికీ కారణం అదే.

క్యాబిన్ ఇచ్చే ఉచిత సాయం

ఇంట్లో సాదాగా వినిపించిన సబ్‌వూఫర్ కారులో నేలను కదిలించినట్టు ఉండటానికి వేరే కారణం ఉంది. తరంగం క్యాబిన్ కంటే బాగా పొడవైనప్పుడు ధ్వని ఒక చోటి నుంచి మరో చోటికి నడుస్తోందని చెప్పడం కంటే, లోపలి గాలి మొత్తం ఒకేసారి నొక్కుకుపోయి మళ్లీ వదులవుతోందని చెప్పడం సరైనది. ఆ స్థితిలో కోన్ ఎంత గాలిని నెడితే అంత పీడనం పుడుతుంది. బహిరంగ ప్రదేశంలో పౌనఃపున్యం సగానికి తగ్గినప్పుడు అంతే బిగ్గరగా వినిపించాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. మూసిన క్యాబిన్‌లో ఆ అవసరం లేదు. కదలిక అంతే ఉన్నా పీడనం తగ్గదు.

ఈ సాయం ఎక్కడ మొదలవుతుందో కూడా సుమారుగా చెప్పవచ్చు. 343ను క్యాబిన్ పొడవుకు రెట్టింపుతో భాగించాలి. 2.5 మీటర్ల క్యాబిన్‌కు అది 69 హెర్ట్జ్, 3 మీటర్లకు 57 హెర్ట్జ్. ఐదు మీటర్ల పడకగదికైతే 34 హెర్ట్జ్. ఆ గీత నుంచి కిందికి, పూర్తిగా బిగిసిన గట్టి పెట్టెలోనైతే ప్రతి ఆక్టేవ్‌కూ (అంటే పౌనఃపున్యం సగానికి తగ్గిన ప్రతిసారీ) 12 డెసిబెళ్ల చొప్పున లాభం పెరగాలి. నిజమైన కారులో తలుపుల రబ్బర్ల నుంచి గాలి జారిపోతుంది, పైకప్పు రేకు ఉబ్బి తగ్గుతుంది, కనుక లాభం ఆ స్థాయికి చేరదు. అద్దాలు దించగానే లోతైన బేస్ పలచబడటం చాలామంది గమనించే ఉంటారు. మూసిన పెట్టె తెరుచుకుపోవడమే అందుకు కారణం.

బాక్సు రకం ఇక్కడ ముఖ్యమవుతుంది. గాలి చొరబడని మూసిన బాక్సు సిద్ధాంతాన్ని 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ మార్కెట్‌లోకి తెచ్చింది. అటువంటి బాక్సు స్పందన ఒక స్థాయి కింద ఆక్టేవ్‌కు 12 డెసిబెళ్ల చొప్పున తగ్గుతుంది. క్యాబిన్ ఇచ్చే లాభం దానికి సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది. రెండూ కలిసి 25, 30 హెర్ట్జ్ దాకా సమతలంగా సాగే బేస్‌నిస్తాయి. పోర్ట్ (గాలి వచ్చిపోయే గొట్టం లాంటి రంధ్రం) ఉన్న బాక్సు, తనను ట్యూన్ చేసిన పౌనఃపున్యం చుట్టుపక్కల ఎక్కువ బిగ్గరగా ఉండి, దాని కింద 24 డెసిబెళ్ల చొప్పున పడిపోతుంది. ఇంటికి తగినట్టు రూపొందించిన పోర్ట్ బాక్సును కారులో పెడితే 40 హెర్ట్జ్ దగ్గర క్యాబిన్ లాభం కూడా తోడై, ప్రతి పాటా ఒకే స్వరంతో గుమ్మని మోగుతుంది. ఆ మోతను బాక్సు తిప్పి వదిలించుకోవాలని చూడటం వృథా ప్రయాస.

ఈ భాగం నుంచి తేలే విషయం ఒకటుంది. అతి కింది బేస్‌కు, అంటే సుమారు 40 హెర్ట్జ్ లోపు, బాక్సు ఎక్కడున్నా ఎటు చూస్తున్నా ఫలితంలో పెద్ద తేడా రాదు. దిక్కు గురించిన వాదమంతా నిజానికి 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉన్న ఒకే ఒక్క ఆక్టేవ్ గురించిన వాదం.

సెడాన్, హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీ

హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ, క్యాబిన్ ఒకే గాలిని పంచుకుంటాయి. పైన ఉండే పార్శిల్ ట్రే పలచని పలక, బేస్‌కు అది అడ్డే కాదు. పైన చెప్పిన లెక్కలు నేరుగా వర్తించేది ఈ కార్లకే. బాక్సును వెనక్కి తిప్పమనే సలహా ఇక్కడ చాలావరకు ఫలిస్తుంది.

సెడాన్ సంగతి వేరు. డిక్కీ ఒక గది, క్యాబిన్ మరో గది. నడుమ వెనుక సీటు, దాని వెనుక కొన్ని మోడళ్లలో ఇనుప రేకు, పైన వెనుక అద్దం కింది పలక ఉంటాయి. బేస్ ముందుకు రావాలంటే సీటు నురుగు గుండా, పలకలోని రంధ్రాల గుండా, చేతిని ఆనించుకునే మధ్య భాగం వెనుక ఉండే చిన్న తలుపు గుండా రావాలి. సీటు మడిచే వీలున్న కార్లలో ఒకసారి మడిచి వింటే ఎంత బేస్ డిక్కీలోనే ఆగిపోతోందో అర్థమవుతుంది. మడవని సీటు, వెనుక మూసిన రేకు ఉన్న కార్లలో బాక్సును ఎన్ని దిక్కులకు తిప్పినా ఈ అడ్డు తొలగదు.

అటువంటి కార్లలో సీటు వైపు ముఖం పెట్టడానికి ఒక గట్టి కారణం ఉంది. బాక్సును సీటు వెనుక తెరుచుకున్న భాగానికి బిగించి, చుట్టూ మిగిలిన సందులను ప్లైవుడ్ పలకతోనూ నురుగుతోనూ మూసేస్తే కోన్ ముందు వైపు నేరుగా క్యాబిన్ గాలిలోకి తెరుచుకుంటుంది. డిక్కీ మొత్తం లెక్క నుంచి తప్పుకుంటుంది. డిక్కీ తలుపు తిప్పి పంపే తరంగమూ ఉండదు, డిక్కీ రేకులు గిలగిల మోగడమూ తగ్గుతుంది. సందులు మూయకుండా ముఖం మాత్రమే ముందుకు తిప్పితే ఈ లాభం రాదు. ముందుకు తిప్పి చూశాం, ఏమీ మారలేదని చెప్పేవారి కార్లలో చాలావరకు జరిగింది ఇదే అనుకోవచ్చు.

పెద్ద ఎస్‌యూవీలు, ఎంపీవీల్లో మూడో వరుస సీటు మడిచి, రెండో వరుస వెనుక బాక్సు ఆనిస్తే కోన్‌కూ వెనుక తలుపుకూ మధ్య మీటరు పైనే దూరం వస్తుంది. పైన చూసినట్టు 70, 86 హెర్ట్జ్ ప్రాంతంలో గొయ్యి పడేది ఇలాంటి చోటే. అదే బాక్సును తలుపు దాకా వెనక్కి జరిపితే యాంప్లిఫయర్‌ను తాకకుండానే బేస్ నిండుతుంది.

మన రోడ్ల మీద పెరుగుతున్న సీఎన్‌జీ కార్లది మరో సమస్య. డిక్కీ నిండా సిలిండరే ఉంటే బాక్సుకు చోటుండదు. 2023లో టాటా అల్ట్రోజ్‌తో వచ్చిన జంట సిలిండర్ల అమరిక వంటివి నేల కింద సిలిండర్లు సర్ది కొంత చోటు మిగిల్చాయి గానీ, అక్కడ కూడా లోతు తక్కువే. సిలిండర్ పట్టీలకు బాక్సు బిగించడం, గ్యాస్ గొట్టాల పక్కన కరెంటు తీగలు లాగడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనివి. ఇటువంటి కార్లకు సీటు కింద పట్టే పలచని సబ్‌వూఫర్ తగిన దారి. దాని పరిమితి కోన్ విస్తీర్ణంలో ఉంది. 8 అంగుళాల కోన్ వైశాల్యం 12 అంగుళాల కోన్‌లో సగం కంటే తక్కువ కాబట్టి అంతే గాలిని నెట్టాలంటే రెట్టింపుకు పైగా కదలాలి, పలచని స్పీకర్లకు అంత కదలిక ఉండదు. బదులుగా మరో మేలు దక్కుతుంది. క్యాబిన్ పొడవునా ఏర్పడే మొదటి స్థిర తరంగానికి పీడనం రెండు చివర్లలో ఎక్కువ, మధ్యలో సున్నా. వెనుక చివర ఉన్న బాక్సు ఆ తరంగాన్ని బలంగా రేపుతుంది. మధ్యలో, సీటు కింద ఉన్న స్పీకరు దాన్ని అంతగా రేపదు. అందుకే సీటు కింది బేస్ బిగ్గరగా లేకపోయినా ఎగుడుదిగుడులు తక్కువగా ఉంటుంది.

ముందు స్పీకర్లతో పొత్తు

బాక్సు దిక్కు మీద పడే నిందల్లో సగం నిజానికి ఈ భాగానికి చెందినవి. సబ్‌వూఫర్ ఒంటరిగా పనిచేయదు. 80 హెర్ట్జ్ చుట్టుపక్కల అదే స్వరాన్ని ముందు తలుపుల్లోని స్పీకర్లు కూడా పలుకుతుంటాయి. రెండు ధ్వనులూ చెవి దగ్గర జతకూడాలి.

డ్రైవరు చెవికి కుడి తలుపు స్పీకరు 0.9 మీటర్ల దూరంలో, డిక్కీలోని సబ్‌వూఫర్ 2.4 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. తేడా 1.5 మీటర్లు. సబ్‌వూఫర్ ధ్వని 4.4 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 80 హెర్ట్జ్ తరంగంలో అది పూర్తి చక్రానికి మూడో వంతు దాటిన ఆలస్యం, అంటే చక్రంలోని 360 డిగ్రీల్లో 126 డిగ్రీలు. రెండూ సమాన బలంతో ఉన్నా కలిసిన ఫలితం ఒక్క స్పీకరు మోగినప్పటి కంటే కొంచెం తక్కువే. సబ్‌వూఫర్ తీగల ప్లస్, మైనస్ తారుమారు చేసినా, యాంప్లిఫయర్ మీద ఫేజ్ మీటను (తరంగపు ఎత్తుపల్లాలను తారుమారు చేసే స్విచ్‌ను) 0 నుంచి 180కి మార్చినా ఆ ఎడం 54 డిగ్రీలకు తగ్గి, దాదాపు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. బాక్సును అంగుళం కదిలించకుండా వచ్చిన లాభం అది.

ఇప్పుడు బాక్సును తిప్పితే కోన్ మరో అర మీటరు వెనక్కి వెళ్లిందనుకుందాం. 42 డిగ్రీలు అదనంగా చేరి మొత్తం ఎడం 168 డిగ్రీలవుతుంది. ముందు స్పీకరూ సబ్‌వూఫరూ ఒకదాన్నొకటి దాదాపు తుడిచేసుకుంటాయి. డిక్కీ తలుపు ఇచ్చిన లాభం కంటే ఇక్కడ పోయేది ఎక్కువ. వినేవారికి మాత్రం వెనక్కి తిప్పితే బేస్ చచ్చిపోయిందన్న అభిప్రాయం మిగులుతుంది. అదే కారులో ఫేజ్ మీట నొక్కి ఉంటే తీర్పు తలకిందులయ్యేది. దిక్కు మార్చిన ప్రతిసారీ ఫేజ్ రెండు వైపులా విని చూడకపోతే ఏ పోలికకూ విలువ లేదు.

కింది స్వరాలను సబ్‌వూఫర్‌కూ పై స్వరాలను ముందు స్పీకర్లకూ పంచే క్రాసోవర్ వడపోతలు కూడా సొంతంగా ఫేజ్‌ను తిప్పుతాయి కాబట్టి దూరాన్ని బట్టి వేసిన లెక్క తొలి అంచనా మాత్రమే. 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ ప్రతిపాదించిన, తర్వాత లింక్‌విట్జ్-రైలీ పేరుతో స్థిరపడిన వడపోత కలిసే చోట రెండు స్పీకర్లనూ ఒకే ఫేజ్‌లో ఉంచేలా రూపొందింది. డీఎస్‌పీ (ధ్వనిని డిజిటల్‌గా సర్దే పరికరం) ఉన్న కార్లలో ముందు స్పీకర్లకు కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం జోడించి, వెనుక నుంచి వచ్చే బేస్‌ను అందుకునేలా చేయవచ్చు. బాక్సు చోటు మార్చే వీలు లేనప్పుడు ఖర్చుకు తగిన ఫలితమిచ్చే మార్గం ఇదే.

పైకి, కిందికి చూసే స్పీకర్లు

పైకి తిప్పినా, నేల వైపు తిప్పినా ధ్వనిపరంగా నియమం మారదు, కోన్ ఏ గోడకు ఎంత దూరంలో ఉందన్నదే ప్రశ్న. ఇలా పడుకోబెడితే కోన్ తన బరువుకు తానే జారి పాడవుతుందన్న భయం ఒకటి ఉంది. స్పీకరు సహజ అనునాద పౌనఃపున్యం (కోన్ తనంతట తాను ఊగే పౌనఃపున్యం) తెలిస్తే జారేదెంతో లెక్కించవచ్చు. 30 హెర్ట్జ్ స్పీకరుకు అది 0.3 మిల్లీమీటర్ల లోపు, 20 హెర్ట్జ్ స్పీకరుకు 0.6 మిల్లీమీటర్లు. రెండు వైపులా సెంటీమీటరు దాకా కదలగల కారు సబ్‌వూఫర్‌కు ఇది లెక్కలోకి రాదు. బాక్సుకు పోర్ట్ ఉంటే మాత్రం దాని నోటి ముందు కనీసం పోర్ట్ వ్యాసమంత ఖాళీ ఉండాలి. లేకపోతే ట్యూనింగ్ కిందికి జారుతుంది, గాలి బుసకొట్టే చప్పుడు కూడా వస్తుంది.

బేస్ వెనుక నుంచి వస్తున్నట్టు ఎందుకు అనిపిస్తుంది

80 హెర్ట్జ్ కింద, అందునా ఇరుకైన క్యాబిన్‌లో, ధ్వని ఏ వైపు నుంచి వస్తోందో చెవి పోల్చుకోవడం చాలా కష్టం. అయినా కొన్ని కార్లలో బేస్ వీపు వెనుక మోగుతున్నట్టే ఉంటుంది. ఆచూకీ చెప్పేది బేస్ కాదు, దానితో కలిసి వచ్చే పై ధ్వనులు. నంబరు ప్లేటు గలగల, డిక్కీ మూత అదురు, పార్శిల్ ట్రే చప్పుడు, పోర్ట్ బుస, హద్దు మీరి కదిలే కోన్ పుట్టించే వక్రీకరణ ఇవన్నీ కొన్ని వందల హెర్ట్జ్‌లలో ఉంటాయి, చెవి వాటిని ఇట్టే పట్టేస్తుంది. క్రాసోవర్‌ను 120, 150 హెర్ట్జ్‌కు పెంచితే గాయకుడి గొంతులోని కింది భాగం కూడా డిక్కీలోంచి వస్తుంది. దీనికి మందు బాక్సును ముందుకు తిప్పడం కాదు. క్రాసోవర్ 80కి దించి, నంబరు ప్లేటు వెనుక నురుగు అతికించి, డిక్కీ రేకుకు అదురును అణిచే బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు వేయించాలి.

ఇవే రేకులు బేస్‌ను వీధిలోకీ పంపుతాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు, ‘ఎ’ తూకంలో. ఆ తూకం 50 హెర్ట్జ్ ధ్వనికి 30 డెసిబెళ్లు తగ్గించి చూపిస్తుంది. అంటే 85 డెసిబెళ్ల బేస్ కూడా మీటరు మీద 55గా కనిపించి పగటి పరిమితిలో ఇమిడిపోతుంది, పక్కింటి కిటికీ అద్దం మాత్రం అదురుతుంది. రాత్రిపూట కాలనీలో డ్యాంపింగ్ లేని డిక్కీ నుంచి వచ్చే బేస్ ఇరుగుపొరుగును ఎంత వేధిస్తుందో ఈ అంకె చెప్పదు.

తిప్పి చూడటంలో పాటించాల్సిన క్రమం

పోలిక సరిగా ఉండాలంటే వింటున్నవారు డ్రైవరు సీటులో కూర్చోవాలి, అద్దాలూ డిక్కీ మూసి ఉండాలి, ఇంజను ఆగి ఉండాలి, వాల్యూమ్ మారకూడదు. డిక్కీ తెరిచి, బాక్సు ముందు నిలబడి విన్న బేస్ ఏ విషయమూ చెప్పదు. పాట కంటే 40, 50, 63, 80, 100 హెర్ట్జ్ స్వరాలను ఒక్కొక్కటిగా వినిపించడం మేలు. ఫోనులోని మైకు కింది పౌనఃపున్యాల్లో కచ్చితమైన విలువ ఇవ్వకపోయినా, ఒకే చోట ఉంచితే రెండు అమరికల మధ్య తేడా చూపగలదు.

మొదట ముందు స్పీకర్లు ఆపి, సబ్‌వూఫర్‌ను ఒంటరిగా మోగించి చోటు, దిక్కు మార్చి చూడాలి. వెనక్కి తిప్పి సీటుకు ఆనించినప్పుడు, వెనక్కి తిప్పి తలుపుకు దగ్గరగా జరిపినప్పుడు, పక్క మూలలో ఉంచినప్పుడు, ముందుకు తిప్పినప్పుడు స్వరాలు ఎలా మారుతున్నాయో రాసుకోవాలి. అన్నిటికంటే బిగ్గరైన అమరిక కంటే ఐదు స్వరాలూ దగ్గరదగ్గరగా ఉన్న అమరికను ఎంచుకోవడం మంచిది. ఎందుకంటే బిగ్గరదనాన్ని యాంప్లిఫయర్‌తో పెంచుకోవచ్చు, రద్దయిన స్వరాన్ని ఎంత శక్తి పోసినా నింపలేం. ఆ శక్తి నేరుగా వచ్చే తరంగానికీ తిరిగి వచ్చే తరంగానికీ సమానంగా చేరి, గొయ్యి గొయ్యిగానే ఉంటుంది.

తర్వాత ముందు స్పీకర్లు కలిపి, 80 హెర్ట్జ్ స్వరం మీద ఫేజ్ మీటను రెండు వైపులా మార్చి వినాలి. బలంగా వినిపించిన వైపు సరైనది. యాంప్లిఫయర్ గెయిన్ (సబ్‌వూఫర్‌కు ఎంత బలం పంపాలన్నది) సర్దడం ఆ తర్వాతే. చివరగా బాక్సును పట్టీలతోనో బోల్టులతోనో కారు ఒంటికి బిగించాలి. పది పదిహేను కిలోలు పైబడిన పెట్టె సడన్ బ్రేకు పడినప్పుడు వెనుక సీటులోని వారి మీదికి దూసుకువస్తుంది. బిగించని బాక్సు మోగినప్పుడల్లా కొద్దికొద్దిగా జరుగుతూ, కష్టపడి కుదిర్చిన దూరాన్ని కూడా మార్చేస్తుంది. డిక్కీలో సామాన్లు పెట్టేవారు, ముఖం వెనక్కి ఉన్న స్పీకరుకు తప్పనిసరిగా ఇనుప జాలీ బిగించుకోవాలి.